రంగు ఆఖరున వేసినా లెక్క ముందే వేయాలి: ఒక పసిబిడ్డ గది సామాను – కేస్ స్టడీ

హైదరాబాద్‌లో నేను నడిపే వడ్రంగి వర్క్‌షాపులో ఆర్డర్ల పనితో పాటు మరో పని కూడా సాగుతుంది. తమ ఇంటి సామాను తమ చేతులతో చేసుకోవాలనుకునేవారికి పనిబల్ల, యంత్రాలు ఇచ్చి, పక్కన ఉండి చేయిస్తాను. ఈ కేసు అలా వచ్చిన ఒక జంటది. వాళ్లు జూన్‌లో వచ్చేటప్పటికి ఆమెకు ఐదో నెల. తొలి కాన్పు, అక్టోబరులో ప్రసవం. సీమంతం కాగానే ఆమె రాజమహేంద్రవరంలోని పుట్టింటికి వెళ్తుంది. బిడ్డతో హైదరాబాద్ తిరిగి వచ్చేది బిడ్డకు ఐదో నెల వచ్చాకే.

వాళ్ల కోరికల జాబితా చిన్నదే. చువ్వల మంచం ఒకటి, పైన బిడ్డకు బట్టలు మార్చుకునే వీలున్న సొరుగుల బీరువా ఒకటి, రెండూ ఒకే రంగులో ఉండాలి. ఇవి కాక ఆమె తండ్రి భద్రంగా దాచిన పాత టేకు ఉయ్యాలకు కొత్త రంగు వేయాలి. ఆ ఉయ్యాలలో ఆమె పెరిగింది. మనవడో మనవరాలో కూడా అందులోనే ఊగాలని ఆయన ఆశ. అల్లుడు దాన్ని కారులో వేసుకుని తెచ్చేశాడు, గరుకు పట్టే యంత్రం కూడా కొనుక్కున్నాడు.

పసిబిడ్డల సామాను చేసేటప్పుడు చాలామంది రంగును అలంకారంగా చూస్తారు. మంచం బిగించాక ఆఖరి వారంలో ఒక ఆదివారం రంగు పూస్తే సరిపోతుందనుకుంటారు. నా అనుభవంలో పని అంతటినీ నడిపేది రంగే. ఏ చెక్క కొనాలి, ఏ భాగాన్ని వట్టిగా వదలాలి, సామాను ఏ తేదీకి సిద్ధం కావాలి అనేవన్నీ రంగును బట్టే తేలాలి. ఈ కేసు రాయడానికి కారణం అదే.

ముందు ఉయ్యాల సంగతి

యంత్రానికి కరెంటు పెట్టనివ్వలేదు. ఉయ్యాల మీద ఎరుపు, దాని కింద ఆకుపచ్చ, ఇంకా కింద పసుపు ఎనామిల్ పొరలు ఉన్నాయి. అవి ఎప్పుడెప్పుడు వేసినవో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు, కానీ అన్నీ పాతవే. మన దేశంలో ఇళ్లకు, అలంకరణకు వాడే రంగులలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించకూడదన్న నియమం 2016లో వచ్చింది, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకు ముందు ఎనామిల్ రంగుల్లో సీసం రెండు దారుల్లో చేరేది. త్వరగా ఆరడానికి కలిపే పదార్థాలలో ఒకటి, రంగు పొడిలో మరొకటి. పసుపు, నారింజ, ఎరుపు రంగులకు నిగారింపు తెచ్చేది చాలావరకు లెడ్ క్రోమేట్ అనే సీసపు పదార్థం. మన ఇళ్లలో శుభమని ఎంచుకునే రంగులు సరిగ్గా అవే.

అలాంటి పొరను యంత్రంతో గరుకు పడితే వచ్చే ధూళి కంటికి కనిపించనంత సన్నగా ఉంటుంది. అది బట్టల మీద, చెప్పుల మీద ఇంటిదాకా వెళ్తుంది. గర్భిణి ఒంట్లోకి చేరిన సీసం మాయ దాటి బిడ్డకూ చేరుతుంది. ఇంత మోతాదు వరకు పరవాలేదని చెప్పగల సురక్షిత స్థాయి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అందుకని మొదటి రోజే ఉయ్యాలను తడిగుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టి పక్కన పెట్టించాను. రంగు మార్చి తేల్చే పరీక్ష పుల్లలు బజారులో దొరుకుతాయి గానీ, వాటిలో కొన్ని సీసం తగిలితే ఎర్రబడతాయి. ఎర్ర రంగు మీద ఆ ఫలితాన్ని నమ్మలేం. కాబట్టి ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే, ఎక్స్‌రేలతో లోహాలను కొలిచే యంత్రం ఉన్న ప్రయోగశాలకు పంపించాం. ఫలితం పరిమితికి చాలా పైన వచ్చింది.

పెద్దాయనతో ఫోనులో మాట్లాడటం ఈ కేసులో నాకు అన్నిటికన్నా కష్టమైన పని.

"మా అమ్మాయి అందులోనే పెరిగిందండీ. దానికి ఏమీ కాలేదు కదా?" అన్నారు.

"మీరు ప్రేమగా చూసుకున్నారు మాస్టారూ, ఆ రోజుల్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి చెబుతున్నాను" అన్నాను. ఆయన బడిలో లెక్కలు చెప్పి రిటైరయినవారు. పరీక్ష కాగితం పంపమన్నారు, పంపాను. మరునాడు ఆయనే ఫోను చేసి ఉయ్యాల కొలతలు అడిగారు. చువ్వల మధ్య సందు 90 మిల్లీమీటర్లని చెప్పి, అదెందుకు ప్రమాదమో వివరించాను. సందు ఎక్కువగా ఉంటే బిడ్డ కాళ్లు, నడుము జారిపోతాయి, తల మాత్రం ఇరుక్కుంటుంది. రంగు మొత్తం ఊడదీసినా ఆ సందు మారదు. కడెన పట్టిన చువ్వల నగిషీలో ఇరుక్కున్న రంగు పూర్తిగా వదలదు కూడా.

ఉయ్యాలను విరగ్గొట్టడానికి ఆయన మనసు ఒప్పలేదు. నేనూ అడగలేదు. అడుగున వేసిన రెండు టేకు పలకలు మాత్రం ఎన్నడూ రంగు ఎరగనివి. వాటిని ఇవ్వడానికి ఆయనే ముందుకు వచ్చారు. తడిగుడ్డలతో కడిగి, ఆరబెట్టి, రెండు వైపులా చిత్రిక పట్టి, మళ్లీ పరీక్ష చేయించి, శుభ్రంగా ఉన్నాయని తేలాకే పనిలోకి తీసుకున్నాం. మిగిలిన ఉయ్యాల మీద పారదర్శకమైన పూత వేసి, పిల్లల చేతికి అందని చోట జ్ఞాపకంగా ఉంచుకోమన్నాను. ఇరవై ఒకటో రోజు వేడుకకు అమ్మమ్మ పాత పట్టుచీరతో ఉయ్యాల కట్టారు. అందరూ చుట్టూ ఉండి చూసుకునే ఆ కాసేపటికి దానికన్నా మంచిది లేదు.

చెక్క ఎంపిక

ఈ జంట మొదట టేకు అన్నారు. రంగు వేసే సామానుకు టేకు నేను వద్దంటాను. ఖర్చు ఒక్కటే కారణం కాదు. టేకులో సహజంగా ఉండే నూనె రంగును సరిగా పట్టనివ్వదు, పైగా నీటి రంగు వేస్తే చెక్కలోని గోధుమ రంగు మరకలుగా పైకి తేలుతుంది. అంత అందమైన చెక్కను రంగు కింద కప్పేయడం నాకు నచ్చదు కూడా. మామిడి చెక్క చౌక, కానీ సరిగా ఆరి, మందు పట్టించినది కాకపోతే పుచ్చు పడుతుంది. వేప మంచిదని పెద్దలు అంటారు, అయితే అడితిలో దొరికే వేప సరిగా ఎండి ఉండటం అరుదు, పచ్చి వేప వంకర తిరుగుతుంది. దిగుమతి పైన్ చెక్క తేలిక, చూడముచ్చటగా ఉంటుంది, కానీ దాని ముడుల్లోంచి జిగురు ఊరి తెల్ల రంగును పచ్చగా చేస్తుంది. గోరు గుచ్చితే గుంట పడేంత మెత్తన కూడా.

మంచానికి స్టీమ్ బీచ్, అంటే ఆవిరి పట్టించిన బీచ్ చెక్క, తీసుకున్నాం. గట్టి చెక్క, సన్నని పోగు, పగిలినా పుల్లలు పెద్దగా లేవవు. బీరువా పక్కలకు రబ్బరు చెక్క పలకలు వాడాం. పుచ్చు పట్టకుండా రబ్బరు చెక్కకు బోరాన్ లవణాలు ఎక్కిస్తారు. అందుకని దాన్ని బిడ్డ నోరు చేరే మంచంలో ఎక్కడా వాడలేదు. ఇది నేను పెట్టుకున్న నియమం, ఎవరైనా అతి జాగ్రత్త అన్నా మార్చుకోను.

మంచం

పరుపు ముందు కొనిపించాను, మంచం కొలతలు ఆ తరువాతే వేశాం. పరుపు 120 × 60 సెంటీమీటర్లు, గట్టిది. మంచం లోపలి కొలత 122 × 62. పరుపుకూ చువ్వలకూ మధ్య రెండు వేళ్లు దూరితే అది పనికిరాని మంచం. బిడ్డ ముఖం ఆ సందులోకి జారితే ఊపిరి ఆడదు.

పొడుగు వైపు ఒక్కోదానికి 30 మిల్లీమీటర్ల వెడల్పున్న చువ్వలు 14. మిగిలిన 800 మిల్లీమీటర్లను 15 సందులకు పంచితే ఒక్కోటి 53 చిల్లర వస్తుంది. అమెరికాలో గరిష్ఠ పరిమితి 60 మిల్లీమీటర్లు, ఐరోపా ప్రమాణంలో 45 నుంచి 65. అరవై మిల్లీమీటర్ల కొయ్య దిమ్మె ఒకటి చేసి, ప్రతి సందులోనూ బలంగా నెట్టి చూడమన్నాను. చువ్వ వంగితే సందు పెరుగుతుంది కదా, అందుకే బలంగా నెట్టమనడం. చువ్వలను మేకులతో కొట్టలేదు. పట్టెలో గాడి తీసి, చువ్వకూ చువ్వకూ మధ్య నింపుడు ముక్కలు పెట్టి జిగురుతో బిగించాం. మేకు ఏనాటికైనా పైకి తేలుతుంది, గాడి తేలదు.

మంచం నాలుగు మూలల కోళ్ల పైభాగం పట్టెతో సమానంగా కోశాం. నగిషీ గుండ్లు పెట్టాలని ఆమె ముచ్చటపడింది, కానీ పైకి పొడుచుకు వచ్చిన దేనికైనా చొక్కా మెడ, మెడలో తాడు చిక్కుకుంటాయి. ఒక పక్క కిందికి దిగే ఏర్పాటు కూడా వద్దన్నాను. ఆ రకం మంచాలలో ఇరుక్కుని 30 మందికి పైగా పసిబిడ్డలు చనిపోయాక అమెరికా 2011లో వాటిని నిషేధించింది. తల్లికి నడుము నొప్పి రాకుండా దానికి బదులు పరుపు పలకను రెండు ఎత్తులలో బిగించే వీలు పెట్టాం. పై ఎత్తు మొదటి నెలలకు. బిడ్డ లేచి కూర్చోబోతుండగానే పలకను కిందికి దించాలి. కింది ఎత్తులో పలక నుంచి పట్టె అంచుకు 66 సెంటీమీటర్లు. చుట్టూ కట్టే దూది మెత్తలు, దిండు, బొమ్మలు ఏవీ మంచంలో ఉండకూడదని వాళ్లచేత ఒప్పించాను. మెత్తలు కట్టడానికి పట్టెకు కొక్కేలు అడిగారు, పెట్టలేదు. దోమతెరను మంచానికి కాకుండా పైకప్పు కొక్కేనికి వేలాడదీసి, బిడ్డ చేతికి అందనంత బయటికి పరిచేలా చేశాం.

నోరు తగిలే చోటు

ఆరో నెల దాటి పళ్లు వచ్చే వేళకు బిడ్డ పట్టె పట్టుకుని నిలబడి, నోటికి ఎదురుగా ఉన్నదాన్నే కొరుకుతుంది. ఎంత మంచి రంగైనా నెలల తరబడి పళ్లు పడితే ఊడుతుంది. కాబట్టి పై పట్టెకు రంగు వేయకూడదన్నది నేను మొదటే పెట్టిన షరతు. దాని మీద ఏమి పూయాలన్న దగ్గరే ఎక్కువ ఆలోచించాం.

నాకు ఇష్టమైనది లక్క. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను కడెన పడుతూ, తిరిగే కర్రకు రంగు కలిపిన లక్కను ఒత్తిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. అందులో ద్రావకం లేదు, ఆరడానికి వారాలు అక్కర్లేదు. పసుపు, జాఫ్రా, నీలి వంటి సహజ రంగులను ఆ ఊరి పనిలోకి మళ్లీ తెచ్చిన సీవీ రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకు ఇంతకంటే హాయైన పూత నాకు తెలియదు. కానీ మంచం పట్టె బొమ్మ కాదు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో చేతులు శుభ్రం చేసుకునే స్పిరిట్ సీసా ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. స్పిరిట్ తడి చేత్తో రోజుకు పదిసార్లు పట్టుకుంటే పట్టె జిగటగా మారుతుంది.

ఆ కారణంతో లక్కను పట్టె మీంచి తీసి బీరువా సొరుగుల పిడులకు మార్చాం. అంకుడు కర్ర పిడులు ఏటికొప్పాక నుంచి తెప్పించుకున్నాం, 45 మిల్లీమీటర్ల వ్యాసంతో. ఊడి వచ్చినా గొంతులోకి పోయే పరిమాణం కాదు. పైగా లోపలి నుంచి మరతో బిగించాం.

పట్టెకు పచ్చి అవిసె నూనె, కొద్దిగా తేనెమైనం ఎంచుకున్నాం. బజారులో మరిగించినదని అమ్మే అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు, అది పనికిరాదు. పచ్చి నూనె మెల్లగా ఆరుతుంది, ఒక్కో పలుచని పూతకు రోజులు పడుతుంది. మాకు వ్యవధి ఉంది కాబట్టి ఆ మార్గం ఎంచుకోగలిగాం. నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకూడదు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరేయించాను, లేదా నీళ్ల బకెట్టులో వేయాలి. ఇంట్లో ఈ పని చేసేవారు ఇదొక్కటీ గుర్తుంచుకుంటే చాలు.

రంగు

మిగిలిన మంచానికీ బీరువాకూ నీటి ఆధారిత యాక్రిలిక్ ఎనామిల్. డబ్బా మీద సీసం లేదని రాసి ఉంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నేను ఇంకొకటి అడుగుతాను: పిల్లల బొమ్మల ప్రమాణం ఐఎస్ 9873 మూడో భాగం, లేదా ఐరోపా ఈఎన్ 71-3 ప్రకారం పరీక్ష చేసిన పత్రం. ఆ ప్రమాణం డబ్బాలో ఏముందో చూడటంతో ఆగదు, బిడ్డ మింగితే కడుపులోని ఆమ్లానికి రంగులోంచి ఎంత లోహం బయటికి వస్తుందో కొలుస్తుంది. మనకు కావలసిన ప్రశ్న అదే.

అమ్మమ్మ కోరిక పసుపు. ముదురు పసుపు మానిపించి, తెల్ల బేస్‌లో ఐరన్ ఆక్సైడ్ పసుపు కలిపించాం. వచ్చింది నెయ్యి రంగు. ముదురు రంగు కోసం దుకాణంలో రంగు కలిపే యంత్రం ఎక్కువ పాళ్లు రంగు ద్రవం వేస్తే పూత మెత్తగా ఉండిపోతుంది, చాలా రోజులు వేలికి అంటుతుంది. లేత రంగు త్వరగా గట్టిపడుతుంది.

గరుకు పట్టడం 120 నంబరు గరుకు కాగితంతో మొదలై 180కి వెళ్లింది. అక్కడ ఆపి చెక్కనంతా తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చాం. నీటి రంగు తగలగానే చెక్క పోగు నిక్కబొడుచుకుంటుంది. అదేదో రంగుకు ముందే జరిగితే 220తో కొట్టేయవచ్చు. ప్రైమర్ తరువాత లప్పం అతుకుల దగ్గర మాత్రమే పెట్టించాను. మందంగా పట్టించిన లప్పం దెబ్బ తగిలితే పెచ్చుగా లేస్తుంది, ఆ పెచ్చు బిడ్డ నోట్లోకే పోతుంది. ఆపైన రెండు పలుచని పూతలు. డబ్బా మీద నాలుగు గంటలకు రెండో పూత వేయవచ్చని ఉంది. అది ఎండాకాలం మాట. ఆగస్టు ముసురులో పూతకూ పూతకూ మధ్య పూర్తి రోజు ఆగాం.

చేతికి అంటనంతగా ఆరడానికి గంట చాలు. లోపలిదాకా గట్టిపడి వాసన పూర్తిగా పోవడానికి మూడు నాలుగు వారాలు కావాలి. ఈ విషయం చెప్పినప్పుడు అత్తగారు వెంటనే అన్నారు: "బిడ్డ పుట్టకముందు ఆ సామాను ఇంట్లోకి రాకూడదు బాబూ." కొడుకు ఆమెకు నచ్చచెప్పబోయాడు. నేను ఆపాను. ఆమె మాట మా పనికి సరిగ్గా కలిసివచ్చింది. రంగు గట్టిపడవలసిన వారాలన్నీ సామాను గాలి ఆడే వర్క్‌షాపులోనే ఉంది, పడకగదిలో వాసన పట్టలేదు. బిడ్డ పుట్టిన కబురు వచ్చాక, మంచి రోజు చూసి ఇంటికి చేర్చాం. దిష్టి తగలకుండా ఒక నల్ల చుక్క కావాలని ఆమె అడిగితే, పరుపు పలక కింది వైపు కొడుకుచేతే పెట్టించాను.

బీరువా ఒరిగిపోకుండా

ఇంట్లో బీరువా చేసుకునేవారు అందరికన్నా తక్కువ పట్టించుకునేది ఇదే. నడక వచ్చిన బిడ్డ సొరుగులన్నీ లాగి, వాటినే మెట్లుగా ఎక్కుతుంది. బీరువా ఎత్తు 85 సెంటీమీటర్లు, లోతు 48. రంగు వేయకముందే మూడు సొరుగులూ బయటికి లాగి, పై సొరుగులో 25 కిలోల బియ్యం బస్తా పెట్టి చూశాం. ముందుకు ఒరిగింది. అడుగు అరలో 75 × 40 సెంటీమీటర్ల కడప రాయి పలక దించాం. రెండు సెంటీమీటర్ల మందానికి దాని బరువు 16 కిలోల దాకా ఉంటుంది. మళ్లీ బస్తా పెడితే కదలలేదు. అయినా గోడకు బిగించడం తప్పదు. వాళ్ల ఫ్లాటు గోడ ఏఏసీ బ్లాకులది, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు దిమ్మెలది. మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు అందులో పట్టు నిలవదు, లాగితే పొడిగా రాలి ఊడి వస్తుంది. ఆ బ్లాకుల కోసమే చేసిన పొడుగాటి ప్లగ్గులు తెప్పించి రెండు చోట్ల బిగించాం. గోడ ఏమిటో తెలుసుకోకుండా మర కొనవద్దు.

పైన పెద్దాయన ఇచ్చిన టేకు పలకలు. రెండింటినీ అంచుకు అంచు అతికి, మూడు వైపులా 10 సెంటీమీటర్ల గట్టు కట్టి బట్టలు మార్చే బల్ల చేశాం. దానికి రంగు లేదు, పట్టెకు పెట్టిన నూనే దీనికీ పెట్టాం.

తరువాత చూసినప్పుడు

పాప ఎనిమిదో నెలలో ఉండగా వాళ్లింటికి వెళ్లి అన్నీ తనిఖీ చేశాను. పై పట్టె మీద పంటి గాట్లు వరుసగా ఉన్నాయి. 320 కాగితంతో తేలికగా రుద్ది, మళ్లీ నూనె పెట్టమన్నాను. చువ్వల మీది రంగు ఎక్కడా లేవలేదు. లక్క పిడుల్లో పై సొరుగువి రెండు మెరుపు తగ్గాయి. స్పిరిట్ చేయి అక్కడా తగిలింది, పిడి కాబట్టి తిరిగి లక్క పట్టించడం తేలిక. పరుపు పలక ఇంకా పై ఎత్తులోనే ఉంది. పాప అప్పటికే చువ్వలు పట్టుకుని లేస్తోంది. అక్కడికక్కడే పనిముట్లు తెప్పించి కిందికి దించాం.

మంచం బోల్టులు నెలకొకసారి బిగించమని, దోమతెర కొక్కెం లాగి చూడమని నాన్నకు చెప్పాను. పాప పట్టె మీదికి కాలు వేయగలిగిన నాడు ఆ మంచం పని అయిపోయినట్టే. ఆ రోజు కోసం ముందు వైపు చువ్వల చట్రం మొత్తం ఊడదీసే మరలు ముందే పెట్టి ఉంచాం. వాటి తలల మీద రంగు పడకుండా మైనం పూసి కాపాడాం, కాబట్టి చిన్న రెంచీతో తిరుగుతాయి.